వయ్యారిభామకు వోచరు ఉందా?

హేతువాదులం దేవుళ్ళ గురించీ, బాబాల గురించీ, వాస్తు గురించీ చాలా రాశాం. మొక్కల గురించి పెద్దగా రాయలేదు. మొక్క ఎవరినీ మోసం చెయ్యదు, విరాళాలు అడగదు, అరచేతిలోంచి విభూతి రాల్చదు కాబట్టి దాని జోలికి పోలేదనుకుంటాను. కానీ మొక్కల చుట్టూ మనుషులు అల్లుకునే కథలు ఏ బాబా మహిమలకీ తీసిపోవు. ఆ కథల్ని తేల్చడానికి ఇవాళ మన చేతిలో ఒక మంచి సాధనం ఉంది. ఇంటర్నెట్టులో అందరికీ తెరిచి ఉన్న మొక్కల పటాలు. ఎక్కడ ఏ మొక్క ఉందో ఎవరైనా ఫొటో తీసి నమోదు చెయ్యొచ్చు, ఆ నమోదు తప్పయితే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఆ పటాల మంచీ చెడ్డా రెండూ చెప్పాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కాను. చదివింది బీకాం. ముప్ఫై ఏళ్ళకు పైగా రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయ్యాను. లెడ్జర్లో ఉన్న సరుకూ గోడౌన్లో ఉన్న సరుకూ ఒకటేనా అని చూడ్డం, వోచరు లేని పద్దును ఒప్పుకోకపోవడం ఆ ఉద్యోగం నేర్పిన విద్య. మొక్కల విషయంలోనూ నా దగ్గర ఉన్నది ఆ విద్య ఒక్కటే.

ముందు కోనోకార్పస్ సంగతి. తెలుగు రాష్ట్రాల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీదా, అపార్ట్‌మెంట్ల ప్రహరీల పక్కనా ఏపుగా, పచ్చగా పెరిగే చెట్టు. కొన్నేళ్ళ క్రితం విరగబడి నాటారు. ఇప్పుడు విరగబడి కొట్టేస్తున్నారు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది. పుప్పొడి వల్ల అలర్జీ వస్తుందా, వేళ్ళు పైపుల్లోకీ కేబుళ్ళలోకీ చొరబడతాయా, అన్నవి సరైన ప్రశ్నలే. పరీక్షించి తేల్చుకోదగ్గవే. కానీ జనంలో పాకింది ఆ ప్రశ్నలు కాదు. 'ఈ చెట్టు ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది' అన్న వాక్యం పాకింది. సెల్‌ఫోన్లలో తిరిగింది, వార్తల్లో కొచ్చింది, మా సంఘం సమావేశానికి వచ్చే ఒక పెద్దమనిషి కూడా నాతో అదే అన్నారు. ఆయన గణపతి పాలు తాగాడంటే నవ్విన మనిషే!

ప్రతి చెట్టూ శ్వాసిస్తుంది, రాత్రిపూట ప్రతి చెట్టూ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పగలు కిరణజన్య సంయోగక్రియలో అంతకంటే ఎక్కువ తీసుకుంటుంది. ఆ తేడాతోనే మాను కడుతుంది, కొమ్మలు వేస్తుంది. కలపలో ఉన్న కార్బన్ గాలిలోంచి వచ్చిందే. తీసుకున్నదానికంటే ఎక్కువ వదిలే చెట్టు మూడేళ్ళలో ఇరవై అడుగులు ఎలా పెరుగుతుంది? జమ లేకుండా నిల్వ పెరగదు. ఈ మాట చెప్పడానికి సైన్సు డిగ్రీ కూడా అక్కర్లేదు, బీకాం చాలు.

ఇక అసలు ప్రశ్న మిగిలింది. కోనోకార్పస్ మనం నాటిన చోటే ఉంటుందా, తనంతట తాను విత్తనం రాల్చి పొలాల్లోకీ చెరువు గట్ల మీదికీ పాకుతుందా? మొదటిదైతే అది నచ్చని చెట్టు, అంతే. రెండోదైతే ఆక్రమణ మొక్క. రెంటికీ వైద్యం వేరు. ఈ ప్రశ్నకు జవాబు కొలవగలిగేది, దానికి కావలసింది పటం. ఐనాచురలిస్ట్ అనే అంతర్జాతీయ పటంలో ఒక చిన్న గడి ఉంటుంది. ఈ మొక్క నాటిందా, తనకు తానుగా మొలిచిందా అని. చాలామంది దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తారు. నా దృష్టిలో మొత్తం ఫారంలో అంత విలువైన గడి మరొకటి లేదు. డివైడరు మీద నాటిన వెయ్యి చెట్ల ఫొటోలు ఎక్కించి 'చూడండి ఎలా వ్యాపించిందో' అంటే అది మునిసిపాలిటీ వ్యాపించినట్టు, చెట్టు వ్యాపించినట్టు కాదు.

మొక్క 'ఉండడం', మొక్క 'వ్యాపించడం' రెండూ వేర్వేరు పద్దులు. ఈ తేడా తెలియకపోవడం వల్లే వయ్యారిభామ చరిత్ర ఇంత గందరగోళంగా తయారయింది.

వయ్యారిభామ అంటే పార్థీనియం. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. చిన్న చిన్న తెల్లపూలు, క్యారట్ ఆకులాంటి ఆకు. ముట్టుకుంటే కొందరికి చర్మం పొంగుతుంది, పుప్పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం. ఒక్కో మొక్క వేల సంఖ్యలో విత్తనాలు రాలుస్తుంది. ఇది మన దేశానికి ఎలా వచ్చిందని ఎవరినడిగినా ఒకటే జవాబు: 'అమెరికావాడు పీఎల్-480 గోధుమల్లో కలిపి పంపాడు.' పాఠ్యపుస్తకాల్లో కూడా ఉంది. నేనూ ఏళ్ళ తరబడి వింటూ వచ్చిన మాటే.

దీన్ని ఆడిట్ చేసి చూద్దాం. పుణే నగరంలో చెత్తకుప్పల మీద ఈ మొక్క కనబడింది 1955లో. ఆ సంగతి బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది 1956లో. పీఎల్-480 కింద భారతదేశం అమెరికాతో మొదటి ఒప్పందం కుదుర్చుకున్నది 1956 ఆగస్టు 29న. అంటే ఒప్పందం మీద సంతకాలు కాకముందే మొక్క పుణేలో మొలిచింది! బిల్లు తేదీకి ముందే సరుకు ముట్టినట్టు రాసివుంటే ఏ ఆడిటరైనా ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి పంపుతాడు. అమెరికా గోధుమలు 1951 అప్పు కింద కూడా వచ్చాయి కాబట్టి ధాన్యంతో వచ్చి ఉండొచ్చుననే మాట పూర్తిగా కొట్టిపారెయ్యనక్కర్లేదు. పీఎల్-480 అనే ముద్ర మాత్రం నిలవదు.

ఇంకా వెనక్కి వెళితే మరో కాగితం దొరుకుతుంది. సామర్లకోటలో చాలాకాలం పనిచేసి, తరువాత కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధిపతి అయిన విలియం రాక్స్‌బర్గ్ తయారుచేసిన తోట మొక్కల జాబితా 1814లో అచ్చయింది. అందులోనే పార్థీనియం పేరుంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో 1880 నాటి ఎండు నమూనా కూడా ఉందని వృక్షశాస్త్రజ్ఞులు చూపించారు. అలాగని 1814 నుంచే దేశమంతా కాంగ్రెస్ గడ్డి నిండిపోయిందని కాదు. తోటలో ఒక మొక్క ఉండడం ఒకటి, చెత్తకుప్పల మీంచి జైత్రయాత్ర మొదలుపెట్టడం మరొకటి. ఆ రెండో ఘట్టం ఎప్పుడు, ఏ దారిన నడిచిందో తేల్చాలంటే 1950లలో ఏ ఊళ్ళో ఏ ఏడు కనబడిందో వరసగా పటం మీద పెట్టి ఉండాలి. అప్పట్లో అలాంటి ఏర్పాటు లేదు. ఆ ఖాళీలో కథ పెరిగింది.

శ్రీలంకలో దీనికి తమ్ముడి లాంటి కథ ఒకటుంది. అక్కడికి వయ్యారిభామను తెచ్చింది 1987లో వెళ్ళిన భారత శాంతి సేన అంటారు. సేన తిండి కోసం తీసుకెళ్ళిన మేకలూ గొర్రెలతో విత్తనాలు వచ్చాయని ఒక కథనం, కాదు, ఉల్లి మిరప విత్తనాల దిగుమతితో వచ్చాయని మరో కథనం. సైన్యానికి మాంసం ప్రాణంతో ఉన్న జంతువుల రూపంలో సరఫరా అయ్యేమాట నిజం, 'మీట్ ఆన్ హూఫ్' అని మా లెక్కల్లో దానికి ఒక పేరు కూడా ఉంది. గొర్రె ఉన్నిలో విత్తనాలు అంటుకుని సముద్రం దాటడం అసంభవమేమీ కాదు. కానీ వవునియాలో ఈ మొక్కను శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1999లో. సేన తిరిగొచ్చింది 1990లో. మధ్యలో తొమ్మిదేళ్ళు! సంభవమే అన్నది సాక్ష్యం కాదని మనం జాతకాల వాళ్ళకు రోజూ చెబుతూనే ఉంటాం. సొంత సైన్యం విషయంలో కూడా నిందకైనా సమర్థనకైనా అదే కొలబద్ద వాడాలి.

బెంగాల్లో గుర్రపుడెక్కను మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో 'జర్మన్ పానా' అనేవారు. ఇంగ్లీషువాడి రాజ్యాన్ని దెబ్బతియ్యడానికి జర్మన్లు వదిలారని! ఆ మొక్క యుద్ధానికి ముందే, పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే అక్కడికి చేరింది. పూలు అందంగా ఉన్నాయని ముచ్చటపడి తెచ్చుకున్నారు. నదులూ కాలువలూ పూడుకుపోయాక శత్రువు మీద నెట్టారు. 1921లో జగదీశ్ చంద్ర బోస్ అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వెయ్యవలసి వచ్చింది, 1936లో దానికోసం ప్రత్యేకంగా చట్టమే చెయ్యవలసి వచ్చింది. అయినా ఇవాళ్టికీ హైదరాబాదు చెరువుల్లో దోమలతో సహా హాయిగా ఉంది.

ఇప్పుడు పటాల సంగతి. పద్ధతి సులువే. మొక్కను సెల్‌ఫోన్‌తో ఫొటో తీస్తాం. ఫోనే తేదీ, అక్షాంశం, రేఖాంశం వేసుకుంటుంది. ఎక్కించాక వేరేవాళ్ళు పేరు నిర్ధారిస్తారు. ఐనాచురలిస్ట్ 2008లో అమెరికాలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. మన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ కూడా 2008లోనే మొదలైంది, అందులో తెలుగు పేర్లు కూడా చేర్చవచ్చు. ఆక్రమణ మొక్కలకే ప్రత్యేకించి అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో ఎడ్‌మ్యాప్స్ పెట్టారు. ఉపగ్రహ చిత్రాల కోసం మన ఇస్రో వాళ్ళ భువన్ 2009 నుంచి ఉంది. దాన్ని నడిపేది హైదరాబాదు బాలానగర్ లోని జాతీయ దూరసంవేదన కేంద్రమే.

వీటిలో నాకు నచ్చేది ప్రతి చుక్క వెనకా ఒక కాగితం ఉండడం. చుక్క మీద నొక్కితే ఫొటో వస్తుంది, తేదీ వస్తుంది, నమోదు చేసిన వారి పేరు వస్తుంది, ఎవరెవరు ఏ పేరు పెట్టారో, ఎవరు ఎందుకు విభేదించారో అంతా కనబడుతుంది. పేరు తేలని మొక్క తేలనట్టే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే సస్పెన్స్ అకౌంట్లో ఉంటుంది. తేలాక అసలు పద్దుకు బదిలీ అవుతుంది. మన ప్రభుత్వ శాఖలు మైదానాల్లో మొక్కలు నాటినట్టు ప్రకటించే కోట్ల లెక్కలకు ఇలాంటి వెనక కాగితం ఉంటే ఎంత బాగుండును!

అయితే పటాన్ని దేవుణ్ణి చెయ్యకూడదు. రంగురంగుల చుక్కలు చూడగానే 'కంప్యూటరు చెప్పింది' అని దణ్ణం పెట్టేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఐనాచురలిస్ట్‌లో ఒక నమోదుకు మేలైన స్థాయి రావాలంటే పేరు చెప్పినవాళ్ళలో మూడింట రెండొంతులకు మించి ఒప్పుకోవాలి, ఇద్దరున్నా చాలు. మొదటి పేరును చాలాసార్లు కంప్యూటరే సూచిస్తుంది, ఫొటో తీసినవాడు అది నొక్కుతాడు, రెండోవాడు వచ్చి 'అంగీకారం' నొక్కుతాడు. కాగితం చదవకుండా కౌంటర్ సంతకం పెట్టే ఆఫీసర్లను నేను చాలామందిని చూశాను. రెండు సంతకాలుండడం వేరు, ఇద్దరు చూసి ఉండడం వేరు. గుర్తుపట్టడం సులువైన లాంటానా లాంటి వాటికి ప్రమాదం తక్కువ. గడ్డి జాతులకు మాత్రం నేను రెండు సంతకాలనే నమ్మను.

అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. పటం మీద చుక్క ఉంటే మొక్క ఉన్నట్టు. చుక్క లేకపోతే? మొక్క లేనట్టు కాదు, అక్కడికి ఎవరూ వెళ్ళనట్టు. బెంగళూరు చుట్టూ చుక్కలు కందిరీగల్లా ముసురుకుని ఉంటాయి. ఫోనూ, తీరికా ఉన్నవాళ్ళు అక్కడ ఎక్కువ. మన అనంతపురం పల్లెల మీద పటం తెల్లగా ఉంటే అక్కడ సర్కారు తుమ్మ లేదని అర్థం చేసుకునేవాడు ఎవరైనా ఉంటాడా? ఆ జిల్లా మీదుగా రైల్లో వెళ్ళిన ఎవరైనా నవ్వుతారు. 'వెతికాను, లేదు' అని రాయడానికి ఐనాచురలిస్ట్‌లో చోటు లేదు. ఎడ్‌మ్యాప్స్‌లో ఉంది. ఉంది, లేదు, మందు వేశాం, నిర్మూలించాం అని నాలుగు రకాలుగా రాయొచ్చు. నాకు తెలిసినంతలో లెక్కల పుస్తకం అనిపించుకోదగ్గది అదే. మనవి ఇంకా కొనుగోళ్ళ రిజిస్టరు దశలోనే ఉన్నాయి, ఖర్చు రాసుకునే గడి లేదు.

ఉపగ్రహం సాయం చెయ్యదా అంటారు. కొంత చేస్తుంది. ఉచితంగా దొరికే యూరోపు వాళ్ళ సెంటినెల్-2 చిత్రాల్లో ఒక్కో చుక్క పది మీటర్ల చదరం. వంద చదరపు మీటర్లలో మోకాలెత్తు వయ్యారిభామ ఎక్కడ ఆనుతుంది? లాంటానా పెద్ద చెట్ల నీడలో పెరుగుతుంది, పైనుంచి చూస్తే చెట్ల కొమ్మలే కనబడతాయి. సర్కారు తుమ్మ మాత్రం దొరికిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో చుట్టూ అంతా ఎండిపోయినా అది పచ్చగా నిలబడుతుంది కాబట్టి. వెతకవలసిన నెల ఏదో తెలిసుండాలి, అది చెప్పేవాడు ఉపగ్రహం కాదు, మేకలు కాసే మనిషి.

నేల మీద నడిచి చేసిన పెద్ద తనిఖీ ఒకటి మన దేశంలోనే జరిగింది. పులుల లెక్కింపుతో పాటు భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు అడవుల్లో లక్షన్నరకు పైగా గీసుకున్న చిన్న చిన్న చదరాల్లో మొక్కల్ని నమోదు చేశారు. 20 రాష్ట్రాల్లో, ముఖ్యమైన 11 ఆక్రమణ జాతుల కోసం. ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలోని సహజ ప్రాంతాల్లో 66 శాతానికి ఈ మొక్కల బెడద ఉందన్నారు. దీన్ని 'మన అడవుల్లో మూడింట రెండొంతులు కలుపు కప్పేసింది' అని చదువుకుంటే తప్పు. చూసిన చదరాల ఆధారంగా చూడని చోట్లను అంచనా కట్టిన లెక్క అది. ఆడిట్లో టెస్ట్ చెక్ లాంటిది. టెస్ట్ చెక్ మంచి పద్ధతే, ఎన్ని వోచర్లు చూశారో, వాటిని ఎలా ఎంచారో చెప్పినంతవరకు. వాళ్ళు చెప్పారు. లాంటానా ఒక్కటే పులులుండే అడవుల్లో 40 శాతానికి పైగా, లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైన ఆక్రమించిందని 2020లో వాళ్ళే లెక్క తేల్చారు.

డబ్బు లెక్క దగ్గరకొచ్చేసరికి నా వృత్తి నన్ను ఊరుకోనివ్వదు. 1960 నుంచి 2020 వరకు ఆక్రమణ జాతుల వల్ల మన దేశానికి జరిగిన నష్టం 8.3 లక్షల కోట్ల నుంచి 11.9 లక్షల కోట్ల రూపాయలని 2022లో ఒక అంతర్జాతీయ బృందం తేల్చింది.  అదే వ్యాసంలో మరో అంకె కూడా ఉంది. దేశంలో 2,000కు పైగా పరాయి జాతులుంటే, ఖర్చు వివరాలు దొరికింది 10 జాతులకే. రెండు వేల ఖాతాల ట్రయల్ బ్యాలెన్సులో పది ఖాతాలకే అంకెలు! రచయితలు దాచలేదు, వాళ్ళే ఒప్పుకున్నారు. ఎక్కడ ఎంత ఉందో పటమే లేనప్పుడు ఎక్కడ ఎంత నష్టమో ఎవరు చెప్పగలరు?

ఉద్యోగంలో ఉండగా ఒకచోట ఏటా ఒక బిల్లు వచ్చేది. 'జంగిల్ క్లియరెన్స్'. ఫలానా స్థలంలో ఇన్ని చదరపు మీటర్ల పిచ్చిమొక్కలు, పొదలు కొట్టి, ఊడ్చి, దూరంగా పారబోసినందుకు. మెజర్మెంట్ బుక్ సరిగ్గా ఉండేది, రేటు సరిగ్గా ఉండేది, సంతకాలుండేవి, పాస్ అయ్యేది. మరుసటి ఏడు అదే స్థలం, అవే చదరపు మీటర్లు. లెక్క ప్రకారం ఏ తప్పూ లేదు. కొట్టింది కొట్టినట్టే, మొలిచింది మొలిచినట్టే. పూత వచ్చాక కొట్టి, విత్తనాలతో సహా లారీలో వేసి ఊరవతల పారబోస్తే జరిగేది నిర్మూలన కాదు, సరఫరా. ఇది కేవలం ఆ ఒక్క చోట జరిగే పని కాదు. ఏ మునిసిపాలిటీ చెరువు దగ్గరికైనా వెళ్ళి గుర్రపుడెక్క తీసిన బిల్లులు పదేళ్ళవి వరసగా పెట్టి చూడండి.

అందుకే నా కోరిక ఒక్కటి. ఆక్రమణ మొక్కలు తీసే ఏ పనికైనా, పని ముందు పటం ఒకటి, ఏడాది తరువాత పటం ఒకటి జతచెయ్యకుండా ఆఖరి బిల్లు చెల్లించకూడదు. ఇదేమీ ఖరీదైన కోరిక కాదు. జూనియర్ ఇంజనీరు జేబులో ఫోను ఉంది, అందులో జీపీఎస్ ఉంది. సైన్యం భూముల్లో కుదరదు, రహస్యం అంటారేమో. 2022 జనవరికల్లా రక్షణ శాఖ తన 17.78 లక్షల ఎకరాల సర్వే పూర్తి చేసింది, డ్రోన్లూ ఉపగ్రహ చిత్రాలూ వాడే చేసింది. హద్దులు తెలిశాయి. లోపల ఏం మొలిచిందో రాసుకునే పటాన్ని బయటపెట్టనక్కర్లేదు, లోపలే ఉంచుకుని బిల్లుకు జతచేసుకోవచ్చు. వయ్యారిభామకు ముళ్ళకంచె అడ్డం కాదు.

పటం లేకుండా నిర్మూలనకు దిగితే ఏమవుతుందో తమిళనాడులో చూశాం. అక్కడ సర్కారు తుమ్మ గాలిలో తేమను పీల్చేస్తుందనీ, దానివల్లే వానలు పడటం లేదనీ ప్రచారం పెద్దయెత్తున సాగింది. 2017లో మద్రాసు హైకోర్టు మధురై బెంచి 13 జిల్లాల్లో ఆ చెట్లను పీకెయ్యమంది. జేసీబీలు బయలుదేరాయి. ఆ ఏడే ఏప్రిల్లో ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం శాస్త్రీయంగా పరిశీలించేదాకా ఆగమంది. ఆ చెట్టు వల్ల నష్టం లేదని నేననడం లేదు. నీళ్ళు ఎక్కువ తాగుతుంది, కింద గడ్డి మొలవనివ్వదు. కానీ వానల్ని ఆపే చెట్టు పురాణాల్లో ఉండాలి.

పైగా ఈ చెట్టుకు ఇంకో ముఖం ఉంది. 1870లలో దీన్ని దక్షిణాదికి తెప్పించింది మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖే, మొదట నాటిన చోట్లలో మన కడప జిల్లా కమలాపురం ఒకటి. గుజరాత్‌లోని కచ్ దగ్గర బన్ని గడ్డిమైదానంలో 1960ల మొదట్లో ఉప్పునేల ముందుకు రాకుండా ప్రభుత్వమే నాటించింది. ఇప్పుడు రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల ఆ మైదానంలో ఎక్కువభాగం అదే. పశువుల కాపరులు దాన్ని 'గాండో బావళ్', అంటే పిచ్చి తుమ్మ, అంటారు. ఆ కాపరుల్లోనే చాలామంది ఇవాళ దాన్ని కాల్చి బొగ్గు అమ్ముకుని బతుకుతున్నారు. రాయలసీమ, ప్రకాశం పల్లెల్లోనూ అంతే. భూమిలేనివాడి ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ కంపతోనే. చుక్కలు మాత్రమే ఉన్న పటం చూసి హైదరాబాదులో కూర్చున్నవాడు 'అంతా తీసెయ్యండి' అని సంతకం పెడితే ఆ పొయ్యి ఆరిపోతుంది. ఏ పొలంలో తియ్యాలి, ఏ బంజరులో కొన్నాళ్ళు ఉండనివ్వాలి, తీసిన చోట ఏం వెయ్యాలి, అన్నది ఆ ఊరివాళ్ళను కూర్చోబెట్టి పటం మీద గీయించవలసిన పని. జాతీయ విధానం పేరుతో ఒకే గీత గీసేవాళ్ళను నేను నమ్మను.

మరొక్క మాట. 'విదేశీ' అన్న పదం వినగానే పళ్ళు కొరికే అలవాటు మనదేశంలో ఈమధ్య ఎక్కువైంది, మొక్కల దాకా వచ్చింది. మిరపకాయ విదేశీ, టమాటా విదేశీ, వేరుశనగ విదేశీ, జామ, సీతాఫలం, జీడిమామిడి అన్నీ సముద్రం దాటి వచ్చినవే. గుంటూరు నుంచి మిరపను పంపించేద్దామా? 2022లో వన్యప్రాణి చట్టానికి తెచ్చిన సవరణలో ఆక్రమణ జాతి అంటే భారతదేశానికి చెందనిదై, వన్యప్రాణులకూ వాటి ఆవాసాలకూ ముప్పు తెచ్చేది అని రాశారు. ఈ రెండు షరతుల్లో నాకు కావలసింది రెండోది. మొక్కకు పాస్‌పోర్టు అడగడం కాదు, అది పక్కవాటిని బతకనిస్తోందా లేదా అని చూడటం.

జబల్పూర్లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ వాళ్ళు ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు పార్థీనియం అవగాహన వారం జరుపుతారు. ఆ తేదీలు ఊరికే పెట్టలేదు, వానలకు మొలిచిన మొక్క పూతకు రాకముందు పీకాలి కాబట్టి. కిందటేడు ఆ వారంలో మా కాలనీ వాళ్ళం ఐదుగురం నాలా గట్టు పొడుగునా నడిచి, యాభై అడుగులకొక చోట ఆగి, మొక్క ఉంటే ఉందనీ, లేకపోతే లేదనీ నోటుపుస్తకంలో రాసుకున్నాం. ఉన్నవాటి ఫొటోలు ఐనాచురలిస్ట్‌లో ఎక్కించాం. మొత్తం 42 చోట్ల ఆగాం. 27 చోట్ల ఉంది, 15 చోట్ల లేదు. చేతులకు తొడుగులు వేసుకుని తొమ్మిది చోట్ల వేళ్ళతో సహా పీకాం, మిగతావి ముట్టుకోలేదు. పీకిన చోటా పీకని చోటా తేడా తెలియాలి కదా. ఈ ఆగస్టులో అవే 42 చోట్ల మళ్ళీ ఆగుతాం. పీకిన తొమ్మిదిలో ఎన్నింట్లో తిరిగి మొలిచిందో అప్పుడు రాస్తాను, లెక్క మాకు వ్యతిరేకంగా వచ్చినా సరే.